రెండు మేకుల మధ్య దూరం

గద్వాల,
2 ఆగస్టు 1989

అక్క అనంతమ్మకు తమ్ముడు ఆశన్న దండాలు.

ఇక్కడ నా ఎడమ మడమ తప్ప అందరం క్షేమం. మడమ సంగతి చెప్పాలంటే ముందు గంజి సంగతి చెప్పాలి. గంజి సంగతి చెప్పాలంటే కుక్క సంగతి చెప్పాలి. ఏది మొదలుపెట్టినా పక్క సందులోకి పోతానని నువ్వు నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉన్నావు. సందుల్లోకి పోకపోతే ఊరు ఎట్లా తెలుస్తుందక్కా.

మా కుక్క కండెను నువ్వు చూడలేదు. పోయినేడు వానల్లో చూరు కింద పిడికెడంత ముద్దగా వణుకుతూ కనబడింది. ఇంట్లోకి తెచ్చిన గంటకే నూలు చుట్టి పెట్టిన కండెను నోట కరుచుకుని పరుగు తీసింది. ఆ నూలు మంచం కోళ్లకు, రోలుకు, మా కోడలు అమృతమ్మ కాళ్లకు చుట్టుకుంది. అప్పటి నుంచి దాని పేరే కండె. ఒళ్లంతా నలుపు, తోక చివర మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెలుపు. పగలంతా మగ్గం గుంతలో నా కాళ్ల దగ్గరే పడుకుంటుంది. మన బతుకు నీకు తెలియనిదా, గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదిలి చెక్కలు తొక్కుతూ నేస్తాం. పైన చేతులు చేసేది కళ్లకు కనబడుతుంది. కింద కాళ్లు చేసేది కాళ్లకే తెలుసు.

ఈ మధ్య దాని బుద్ధి మారింది. గుంతలో ఒక మూల మట్టి గీకుతూ కూర్చుంటోంది. పోయిన బుధవారం వీధిలో పడుగు నూలు సాచి, కుంచెతో గంజి పట్టించి, మంచినీళ్లు తాగి వచ్చేసరికి అది ఈ చివర నుంచి ఆ చివర దాకా నాకుతూ పోతోంది. అమృతమ్మ చీపురుతో దాని వెంట పడింది, అమృతమ్మ వెంట నేను, నా వెంట మా కొడుకు నారాయణ. ఎవరిని కొట్టడానికి ఎవరు పోతున్నారో వీధిలోవాళ్లకు అర్థం కాలేదు. "కుక్కకు గంజి, మనకు గాలి. గిట్లైతే చీర గూడ దాన్నే నెయ్యమను మామా" అంది కోడలు. అన్నది తప్పు కాదు. గంజి తాగి తాగి అది ఈ నెలలో గుమ్మడికాయంత లావైంది.

ఇక మడమ. ఆదివారం నేస్తుంటే ఎడమ మడమ మీద చురుక్కుమంది. కాలు పైకి లాక్కున్నాను. అదే క్షణంలో కండె గుంతలోంచి నా తొడ మీదుగా దూకి వీధిలో పడింది. చెక్క విరిగితే నేనే మేకు కొట్టి బాగు చేసుకున్నాను, అదే గుచ్చుకుని ఉంటుంది. పసుపు అద్దాను. మేకును సుత్తితో వంచేశాను. కండె మాత్రం ఆ పోవడం పోవడమే, నాలుగు రోజులైంది, ఇల్లు చేరలేదు.

నీ ఆశ్రమ పాఠశాలలో వంట ఎట్లా సాగుతోంది? అంతమంది పిల్లలకు పుంటికూర పప్పు కలిపే గరిటె మన మగ్గం దోనె కర్ర అంత ఉంటుందని చెప్పావు, నేను ఇప్పటికీ నమ్మలేదు. మేనల్లుడు బాలన్నను అడవిలో జాగ్రత్తగా తిరగమను. కాపలావాడికి పులి ఒక్కటే కాదు, ఆఫీసరు కూడా ఉంటాడు.

నీ తమ్ముడు
ఆశన్న


నాగర్‌కర్నూల్,
9 ఆగస్టు 1989

తమ్మీ,

నీ ఉత్తరం మన్ననూరుకు పోతే బాలన్న ఇక్కడికి తెచ్చిచ్చాడు. నేను మా మరిది చెన్నయ్య ఇంట్లో ఉన్నాను. పెళ్లి వంట. పద్నాలుగు రోజుల పని.

కార్డు మీద జాగా తక్కువ, నీలాగా సందులు తిరగలేను. మేకు అని నీకు ఎవరు చెప్పారు? చూశావా? దీపం పెట్టుకుని మడమ మళ్లీ చూడు. గాయాలెన్ని? కుక్క కరిచినదైతే సబ్బు పెట్టి నీళ్లు పోస్తూ కడుగు, సున్నం, కారం పూయకు. కుక్కను వెతికించు. దొరికితే కట్టేసి పది రోజులు అన్నం పెట్టి చూడు. అది పది రోజులు బతికితే నువ్వు బతికినట్టు. దొరక్కపోతే ఆగకు, దవాఖానకు పో. ఎవ్వరినీ దాని మీద కర్ర ఎత్తనివ్వకు. చచ్చిన కుక్క ఏ సంగతీ చెప్పదు. ఇది నవ్వులాటకు రాయడం లేదు.

గంజి తాగి ఎవరూ లావు కారు. అయితే నువ్వు ఈపాటికి ఏనుగువై ఉండాలి.

అక్క
అనంతమ్మ


గద్వాల,
13 ఆగస్టు 1989

అక్కకు దండాలు.

నీ కార్డు నిన్న వచ్చింది. ముందు పోస్టుమాన్ కృష్ణయ్యకు వచ్చింది, తర్వాత మా వీధికి, చివరికి నాకు. కృష్ణయ్య మంచివాడే. కాని కార్డును చదవకుండా ఇవ్వడమంటే ఆయనకు అన్నాన్ని ఉప్పు చూడకుండా వడ్డించినట్టు. గడప అవతలి నుంచే, "ఆశన్నా, నిన్ను కుక్క కర్సిందట గదా, మీ అక్క రాసింది" అని అరిచాడు. పెనం మీద అమృతమ్మ జొన్నరొట్టె మాడిపోయింది. పక్క మగ్గం ఎల్లన్న నూలు వదిలేసి కర్ర పట్టుకుని వచ్చాడు.

"కట్టెయ్యాలె, కొట్టొద్దు అని రాసిందిరా మా అక్క" అని కార్డు చూపించాను.

"మీ అక్క మన్ననూర్ల ఉంటది, కుక్క ఈడుంటది" అన్నాడు ఎల్లన్న. "రేపు మా పోరగాండ్లను కర్సినంక కట్టేస్తవా?"

వాడు అన్నదాంట్లో తప్పేముంది చెప్పు. ఇప్పుడు మా వీధిలో ఇంటికొక కర్ర తలుపు పక్కన ఆనించి ఉంది. నల్లకుక్క అంటే చాలు, లేస్తున్నాయి. కుక్కను కాపాడమని నువ్వు రాసిన కార్డే దాని మీదికి ఊరిని లేపింది. నిన్ను అనడం లేదక్కా. జరిగింది చెప్తున్నాను.

ఇక నేను దాచినది. దీపం పెట్టుకుని చూశాను. గాయాలు రెండు, పక్కపక్కన. నీకు మేకు అని ఒకటే రాశాను గాని చెక్కకు కొట్టినవి రెండు మేకులు. వంచినా వాటి మొదళ్లు చెక్కలోనే ఉన్నాయి. పాత పన్నె తెచ్చి, దువ్వెన పళ్ల లాంటి దాని పుల్లలతో కొలిచాను. మేకుల మధ్య దూరం పన్నెండు పళ్లు. గాయాల మధ్య దూరం పదమూడు. మళ్లీ కొలిచాను. ఒకసారి పన్నెండు వచ్చింది, రెండుసార్లు పదమూడు వచ్చింది. చీరలో ఒక్క పన్ను తేడా వస్తే అంచు వంకర పోతుంది, నేను విప్పి మళ్లీ నేస్తాను. మడమను ఎట్లా విప్పాలి?

పిచ్చికుక్క కరిచినవాడు నీళ్లను చూస్తే భయపడతాడంటారు. అందుకని పొద్దున లేవగానే కుండ మూత తీసి నీళ్లలోకి చూస్తున్నాను. భయం వేస్తోంది. అది నీళ్ల భయమా, నీళ్ల భయం వచ్చిందేమో అన్న భయమా, తేల్చుకోలేకపోతున్నాను. నిన్న చెంబు ఎత్తితే గొంతు పట్టేసింది. కళ్లు మూసుకుని తాగాను. నీళ్లు మామూలుగానే దిగాయి. దిగాక మళ్లీ మూత తీసి చూశాను.

నీకు గుర్తుందా, మన చిన్నప్పుడు మన వెనక ఇంట్లో నూలు ఆసుపోసే కురుమూర్తి. కుక్క కరిచినాక ఆయనను మంచానికి తాళ్లతో కట్టేశారు. మనిద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. నువ్వు వెనక నుంచి రెండు చేతులతో నా కళ్లు మూశావు. యాభై ఏళ్లు నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. నీ వేళ్ల మధ్య సందు ఉంది. నేను చూశాను. ఎవరో నీళ్ల చెంబు దగ్గరికి తెచ్చినప్పుడు ఆయన ముఖం ఎట్లా అయిందో చూశాను. ఆ ముఖాన్ని ఇప్పుడు రోజూ కుండలో వెతుక్కుంటున్నాను.

దవాఖానకు పోలేదు. పొట్ట మీద పద్నాలుగు సూదులట. పోతే అది కుక్కేనని ఒప్పుకున్నట్టు. పోకపోతే ఇంకా మేకే. కండె దొరికితే చాలు, అన్నీ తేలిపోతాయి. అది ఎక్కడో బతికి ఉంటే నేను కూడా బతికి ఉన్నట్టే.

పద్నాలుగు రోజుల పెళ్లి ఎవరిదక్కా? సంస్థానం రాజులకు కూడా అయిదు రోజులే కదా జరిగేది.

ఆశన్న


నాగర్‌కర్నూల్,
18 ఆగస్టు 1989

తమ్మీ,

కుక్క దొరికే దాకా కుండలో చూసుకుంటూ కూర్చుంటావా? ఈ కార్డు అందిన గడియలోనే దవాఖానకు పో. సూదికి మొదటి మూడు రోజులు పొట్ట గట్టిపడుతుంది, పడుకుంటే పక్కకు తిరగలేవు. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి పెట్టుకో. ఆరో రోజుకు అలవాటవుతుంది. ఏడిస్తే ఏడువు, మానకు.

కృష్ణయ్యా, ఈ కార్డు నువ్వు చదువుతావని నాకు తెలుసు. చదివావు కనుక పని చెప్తున్నాను. మా తమ్ముడిని చేయి పట్టుకుని దవాఖానకు తీసుకుపో. కర్రలు పట్టుకున్నవాళ్లకు కూడా చెప్పు. ఆ కుక్కను కొడితే ఆశన్నను కొట్టినట్టే.

ఇక్కడ వంట రేపటితో అయిపోతుంది. వంగి కూరగాయలు తరగలేకపోతున్నాను, కూర్చుని చెప్తుంటే వాళ్లే చేస్తున్నారు. వయసు.

అనంతమ్మ


గద్వాల,
24 ఆగస్టు 1989

అక్కకు,

నీ హుకుం అమలైంది. సోమవారం కృష్ణయ్య కార్డు నాకు ఇవ్వలేదు. సంచి మా గడపలో దించి, నా మణికట్టు పట్టుకుని, "నడువు, సర్కారు ఉత్తరం లెక్క రాసింది, నేను కాదంటే నౌకరి పోతది" అన్నాడు. ఆ రోజు మా వీధిలో ఎవరికీ ఉత్తరాలు అందలేదు.

దవాఖానలో కాంపౌండరు, "ఎప్పుడు కర్సింది?" అని అడిగాడు.

"మేకో కుక్కో తెల్వదు సారూ."

"తెల్వకపోతే కుక్కనే అనుకోవాలె" అన్నాడాయన. నాకంటే చిన్నవాడు. బడి చదువు చదివినవాడికి, నాలాగా దుకాణం బోర్డులు, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాడికి అదే తేడా. నేను తొమ్మిది రోజులు పన్నె పళ్లు లెక్కపెట్టాను. ఆయన ఒక్క మాటలో తేల్చాడు.

ఈ రోజు నాలుగో సూది. నువ్వు రాసినట్టే మూడు రోజులు పొట్ట రాయిలా ఉంది. వంగి, పేక నూలు తోసే నాడె అందుకోలేను, చీర మగ్గం మీదే ఆగిపోయింది. ఇంత వివరంగా నీకు ఎవరు చెప్పారో గాని, వేడిగుడ్డ పని చేసింది.

నిన్నటి సంగతి రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాస్తాను. మధ్యాహ్నం ఎల్లన్న వచ్చి గడపలో కూర్చున్నాడు. కర్ర లేదు. "పనైపోయిందే. సంత కాడ కొట్టిన్రు నల్లదాన్ని. ఇగ పరేషాన్ కాకు" అన్నాడు. వాడు మంచి మాట చెప్తున్నాననే అనుకున్నాడు. నాకు మాత్రం చచ్చినవాళ్ల లెక్కలో నా పేరు చదివి వినిపించినట్టయింది.

పోయాను. నడుస్తుంటే పొట్ట నొప్పి తెలియలేదు. గోడ పక్కన గోనెసంచి కప్పి పెట్టారు. తోక చూడాలి, తోక చివర తెలుపు ఉందా లేదా. గోనె అంచు పట్టుకున్నాను, ఎత్తలేకపోయాను. మా రంగుల గౌస్ పాషా, నూలుకు రంగులు అద్దేవాడు, నా వెనకే వచ్చాడట. "జరగన్నా" అని తనే ఎత్తాడు. తోక చివర దాకా చూశాడు. "కాలా హై పూరా, మొత్తం నల్లదే. ఇది మీది కాదన్నా" అన్నాడు.

నాకు సంతోషమైంది అక్కా. ఎవరిదో ఒక కుక్క నెత్తురు మడుగులో పడి ఉంటే నాకు సంతోషమైంది. దాని కళ్లలో పిచ్చి ఏమీ లేదు, అది కూడా ఎవరి గుంతలోనో పడుకునేదై ఉంటుంది. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. నీళ్లు కూడా చూడలేదు.

మా ఇంట్లో ఇంకో భయం మొదలైంది. రోజూ తెల్లవారేసరికి గంజి కుండ మూత పక్కకు పడి ఉంటోంది, గంజి సగం ఉండదు. దండెం మీద అమృతమ్మ పాత చీర పోయింది. గౌస్ పాషా రంగుల కొట్టంలో చిక్కునూలు మూట పోయింది. దొంగ అయితే మంచి చీరలు వదిలేసి చిరిగిన చీర ఎందుకు ఎత్తుకుపోతాడు? "మామా, ఇది మనిషి పని గాదు" అంటుంది కోడలు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది.

నీకేమక్కా. నువ్వు పెళ్లి పందిట్లో కూర్చుని, లడ్డూల మధ్య నుంచి కార్డుల మీద హుకుములు రాస్తున్నావు. వంట అయిపోతుందని రాశావు గదా. తమ్ముడు ఉంటాడో పోతాడో, ఒక్కసారి చూసి పోదామని అనిపించలేదా? నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు బస్సులు ఆగిపోయాయా? ఇది రాయకూడదు, రాశాను. కొట్టేయడానికి కూడా ఓపిక లేదు.

ఆశన్న


మన్ననూర్,
29 ఆగస్టు 1989

తమ్మీ,

నీ కోపం అందింది. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టాను, తర్వాత చూస్తాను.

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చదివాను. గుంతలో మట్టి గీకింది. గుమ్మడికాయంత లావైంది. గంజి పోతోంది, పాత చీర పోయింది, చిక్కునూలు పోయింది. ఒరేయ్, కొడుకును కన్న ఇంట్లో ఉండి నీకు ఇంత మాత్రం తెలియలేదా? అది కడుపుతో ఉంది. చెక్క తొక్కినప్పుడు దాని పొట్ట నొక్కి ఉంటావు, కరిచి ఉంటుంది. పిచ్చిది అయి ఉంటే నెల తర్వాత వచ్చి మూత తీసి గంజి తాగదు.

నూలు ఎక్కడ పోయిందో అక్కడ వెతుకు. చీకటిగా, పొడిగా ఉండే మూల చూడు. కర్రతో పోకు, గంజితో పో. పిల్లల దగ్గరికి చేయి పెట్టకు, ఇంకోసారి కరుస్తుంది. కింద నీళ్లు పెట్టి దూరం నుంచి చూడు, తాగుతుందా లేదా. డాక్టరు ఆపమనే దాకా సూదులు ఆపకు.

అనంతమ్మ


గద్వాల,
3 సెప్టెంబరు 1989

మా అక్క అనంతమ్మకు వెయ్యి దండాలు.

దొరికింది. శుక్రవారం నీ కార్డు వచ్చింది, ఈసారి కృష్ణయ్య చదువుతూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కడుపుతోటి ఉందట, కడుపుతోటి ఉందట" అని ఆయన అరుస్తుంటే వీధిలోవాళ్లు అమృతమ్మను చూశారు. ఆ పిల్ల సిగ్గుతో లోపలికి పోయింది.

గౌస్ పాషా రంగుల కొట్టంలో పాత రాగి గంగాళం ఒకటి ఉంది, చిల్లు పడి ఏళ్ల నుంచి గోడకు బోర్లా ఆనించి పెట్టాడు. ఆయన భార్య తాజ్‌బీ చెవి పెట్టి విని, వేలు నోటి మీద పెట్టుకుంది. లోపల కుంయ్ కుంయ్‌మని చప్పుడు. చిక్కునూలు పరుపు, దాని మీద అమృతమ్మ పాత చీర, దాని మీద నాలుగు పిల్లలు. నీలం, పసుపు నూలు అంటుకుని రంగు రంగులుగా ఉన్నాయి. ఒకదానికి మాత్రం తోక చివర తెలుపు.

నేను మట్టి మూకుడులో నీళ్లు పోసి పెట్టి దూరంగా కూర్చున్నాను. ఎల్లన్న, నారాయణ, కృష్ణయ్య అందరూ కొట్టం బయట నిలబడ్డారు. ఎల్లన్న చేతిలో కర్ర ఉంది, దాని మీద ఆనుకున్నాడు గాని ఎత్తలేదు. చాలాసేపు కండె రాలేదు. నాకు కురుమూర్తి ముఖం కళ్ల ముందు తిరిగింది. తర్వాత అది మెల్లగా బయటికి వచ్చి, నన్ను ఒకసారి వాసన చూసి, తల వంచి, లబలబ తాగింది. అక్కా, నేను మగ్గం చప్పుడు వింటూ పుట్టినవాడిని. ఆ నీళ్ల చప్పుడంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు. మూకుడు ఖాళీ అయ్యాక నేను లేచి గౌస్ పాషా కుండలోంచి ఒక చెంబు ముంచుకుని కళ్లు తెరిచి తాగాను. గొంతు పట్టలేదు.

డాక్టరు సాబు పన్నెండో సూది దగ్గర ఆపేశాడు. కుక్క నెల దాటి బతికింది కనుక ఇంక అక్కర్లేదట. పన్నెండా, పదమూడా అన్న లెక్క మాత్రం తేలలేదు. కండె నోరు తెరిచి పన్నెతో కొలుద్దామంటే గౌస్ పాషా, "వద్దన్నా, ఈసారి పక్కా తెలుస్తది" అన్నాడు.

పోయిన ఉత్తరంలో రాసినవి నువ్వు పట్టించుకోకు. కాని ఒకటి అంటాను. చావు భయం పడ్డవాడికి తప్ప తెలియదు. నువ్వు దూరం నుంచి ధైర్యంగా ఉన్నావు, అది చాలా మంచిదైంది. ఇద్దరం భయపడితే కుక్కను ఎవరు వెతికేవారు? తోక తెల్లదాన్ని నీకే ఉంచాను. కళ్లు బాగా విచ్చాక తెస్తాను.

నీ తమ్ముడు
ఆశన్న


మన్ననూర్,
9 సెప్టెంబరు 1989

తమ్మీ ఆశన్నా,

నా నుంచి నీలం ఇన్లాండు రావడం చూసి భయపడి ఉంటావు. కూర్చుని చదువు. కృష్ణయ్య చదవకూడదని అంటించాను.

కుక్కపిల్లను తేకు.

చెన్నయ్య ఇంట్లో పెళ్లి లేదు. ఆగస్టు అయిదున, నీ మొదటి ఉత్తరం చేరకముందే, పాఠశాల వెనక మిగిలిన రొట్టెలు వేస్తుంటే నన్ను కుక్క కరిచింది. రోజూ నా చేతి నుంచి తినేదే. ఎడమ పిక్క మీద. నొప్పికి కూలబడ్డాను. చుట్టుపక్కలవాళ్లు కట్టెలు పట్టుకుని వచ్చారు. కొట్టకండి, కొట్టకండి అని అరిచాను. నొప్పికి అరుస్తున్నాననుకుని ఇంకా గట్టిగా కొట్టారు. నా కళ్ల ముందే అయిపోయింది. దానికి పిచ్చి ఉందో, ఆకలే ఉందో, ఎవరూ ఇక చెప్పలేరు.

ఇక్కడ సూదులు లేవంటే బాలన్న నన్ను నాగర్‌కర్నూల్ తీసుకుపోయాడు. పద్నాలుగూ వేయించుకున్నాను. నాలుగో రోజు నీ ఉత్తరం వచ్చింది. మడమ, కుక్క, మేకు. ఆ రాత చూసి నా సూది నొప్పి మరచిపోయాను. నాది కార్డు మీద రాస్తే వీధంతా చదువుతుంది. ఇన్లాండులో రాస్తే నువ్వు మగ్గం వదిలి, సూదులు వదిలి నా దగ్గరికి పరుగెత్తుతావు. నీకు ఉన్నదొక్క దారి, ఆ కుక్క బతికి ఉండడం. దాన్ని పోగొట్టకూడదని నా సంగతి దాచాను. లడ్డూలు అని రాశావు. ఆ మాట దగ్గర కాస్త నవ్వొచ్చింది కూడా. ఆ రోజుల్లో నేను తిన్నది గంజే.

డాక్టరు భయం లేదన్నాడు. ఊళ్లోవాళ్లు నలభై రోజులు దాటాలంటారు. ఈ రోజుకు ముప్పై అయిదు. నీకు చెప్పడానికి కండె ఉంది. నాకు చెప్పాల్సినదాన్ని కొట్టి చంపారు. ఇప్పుడు కుక్క అరిస్తే గరిటె చేతిలోంచి జారుతోంది. అంత పెద్ద గంగాళంలో పప్పుకు నీళ్లు పోస్తూ రోజూ లోపలికి తొంగి చూస్తాను. కుండలో చూసుకునేది నువ్వొక్కడివే అనుకున్నావా?

నా వేళ్ల సందులోంచి చూశానని రాశావు. నాకు ఆ రోజే తెలుసు. నీ రెప్పలు నా అరచేతికి తగులుతూనే ఉన్నాయి. చేతులు రెండూ నీ కళ్ల మీద ఉన్నాయి తమ్మీ, నా కళ్లు మూసుకోవడానికి నాకు చేతులు మిగలలేదు. నేను నీకంటే ఎక్కువ చూశాను.

అక్క
అనంతమ్మ


గద్వాల,
12 సెప్టెంబరు 1989

దారిలో చదివే అందరికీ, ఆ తర్వాత మా అక్కకు,

ఇది కావాలనే కార్డు మీద రాస్తున్నాను. కృష్ణయ్య ముందు చదవాలి, నాగర్‌కర్నూల్‌లో చదవాలి, మన్ననూరులో తపాలా తెచ్చేవాడు వాకిట్లో నిలబడి గట్టిగా చదవాలి. మా అక్క అనంతమ్మను కుక్క కరిచింది. పద్నాలుగు సూదులు వేయించుకుంటూ తన సంగతి ఒక్క ముక్క రాయకుండా నన్ను బతికించింది. నేను లడ్డూలు తింటున్నావని రాశాను. రాసినవాడి పేరు ఆశన్న, గద్వాల.

రేపు పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను. ఈ కార్డు నా వెనక చేరుతుంది, చేరనీ. చీర మిగతాది నారాయణ నేస్తాడు. కుక్కపిల్లను తేవడం లేదు, అది గౌస్ పాషా ఇంట్లో పెరుగుతుంది. ఎప్పుడైనా నువ్వు అడిగితే అప్పుడు.

ఎల్లుండి నలభయ్యో రోజు. నువ్వు లేచేసరికి నేను కుండ దగ్గర కూర్చుని ఉంటాను. ఈసారి ఎవరి కళ్లు ఎవరూ మూయవద్దు. మూత నేను తీస్తాను, ఇద్దరం లోపలికి చూద్దాం. చెంబు నిండా ముంచు. సగం నువ్వు తాగు, నేను చూస్తాను. మిగతా సగం నాకివ్వు.

ఆశన్న